నల్ల తెరను చూసి బెదరకండి

కంప్యూటర్‌లో నల్ల తెర మీద తెల్లని అక్షరాలు కనబడగానే "అమ్మో, ఇది పిల్లలు చూసుకోవాల్సిన పని" అని లేచిపోతాం కదూ! నిజానికి ఇల్లు సర్దడం వచ్చినవాళ్ళకి అదేం బ్రహ్మవిద్య కాదు.

పోయిన మా అమ్మ ఫొటోలన్నీ మా పాత లాప్‌టాప్‌లోనే ఉన్నాయి. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు సపోర్టు ఆగిపోయాక, రిపేరు షాపతను "పాతసామాన్లకి వేసేసి కొత్తది కొనండి" అన్నాడు. మా అమ్మాయి సెలవులకొచ్చి, ముందు ఫొటోలు పెన్‌డ్రైవ్‌లోకి తీసి, ఉబుంటు లైనక్స్ వేసి, ఫొటోలు తిరిగి పెట్టి వెళ్ళింది. పైసా ఖర్చు కాలేదు. ఈ లైనక్స్‌ని 1991లో ఫిన్లాండ్‌లో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి మొదలుపెట్టాడు. వంట రహస్యం దాచుకోకుండా పదిమందికీ రాసిచ్చినట్టు, దాని లోపలి రాతంతా ఎవరైనా చూడొచ్చు, మార్చుకోవచ్చు.

ఇప్పుడు దాని ఆలనాపాలనా నాదే. నోట్‌బుక్‌లో రాసుకున్నవి మీకూ చెబుతాను.

'టెర్మినల్' తెరిచి, ఇంగ్లీషు చిన్నబడి అక్షరాలతో కమాండ్ కొట్టి ఎంటర్ నొక్కాలి. 'పీడబ్ల్యూడీ' అంటే మనం ఏ గదిలో ఉన్నామో చెబుతుంది. 'ఎల్ఎస్' అంటే ఆ గదిలో ఏమున్నాయో చూపిస్తుంది. 'సీడీ' పక్కన ఫోల్డరు పేరు రాస్తే ఆ గదిలోకి వెళ్తాం. 'డీఎఫ్ -హెచ్' కొడితే ఎంత నిండిందో, ఎంత ఖాళీయో తెలుస్తుంది. బియ్యం డబ్బా మూత తీసి చూసుకున్నట్టే!

వారానికోసారి 'సుడో ఆప్ట్ అప్‌డేట్', తర్వాత 'సుడో ఆప్ట్ అప్‌గ్రేడ్' కొడతాను. మొదటిది సరుకుల చీటీ రాసుకోవడం, రెండోది సరుకులు తెచ్చుకోవడం. 'సుడో' అంటే బీరువా తాళంచెవి లాంటిది. అందుకే పాస్‌వర్డ్ అడుగుతుంది. కొట్టేటప్పుడు తెర మీద ఏమీ కనబడకపోయినా కంగారుపడకండి. ఎవరో చెప్పారని, అర్థం తెలియని కమాండ్‌కి మాత్రం ఆ తాళంచెవి ఇవ్వకండి.

'ఆర్ఎమ్'తో మరీ జాగ్రత్త. దాంతో తీసేసింది చెత్తబుట్టలోకి వెళ్ళదు, నేరుగా పోతుంది. 'ఆర్ఎమ్ -ఐ' అని కొడితే తీసెయ్యనా అని ముందు అడుగుతుంది. అయినా అపురూపమైన ఫొటోలకి పెన్‌డ్రైవ్‌లో ఇంకో కాపీ ఉండాల్సిందే.

మొదటివారం చూసే కమాండ్లే సాధన చెయ్యండి, చెరిపేవి తర్వాత. సందేహమొస్తే 'మ్యాన్' పక్కన కమాండ్ పేరు రాయండి, వివరం వస్తుంది. 'క్యూ' నొక్కితే బయటికొస్తారు. ప్రతి చిన్నదానికీ ఆదివారం పిల్లల ఫోన్ కోసం ఎదురుచూడక్కర్లేదు. వాళ్ళు ఫోన్ చేసినప్పుడు హాయిగా వేరే కబుర్లు చెప్పుకోవచ్చు!