మనిషిని తినే చెట్టు

మన ఊళ్లలో చింతచెట్టు మీద దయ్యం ఉందన్నారే గాని, చింతచెట్టే మనిషిని మింగుతుందని ఎవరూ అనలేదు. ఆ ఘనత న్యూయార్క్‌కి దక్కింది. మడగాస్కర్ అడవుల నుంచి కార్ల్ లేచే అనే యాత్రికుడు రాసినట్టుగా 1874 ఏప్రిల్‌లో ‘న్యూయార్క్ వరల్డ్’ పత్రిక ఒక ఉత్తరం వేసింది. అనాసపండులాంటి మాను, ఎత్తు ఎనిమిది అడుగులు. నెత్తి నుంచి వేలాడే ఎనిమిది ఆకులు, ఒక్కోటి పదకొండు పన్నెండు అడుగులు, నిండా ముళ్లు. నడినెత్తిన మత్తెక్కించే తియ్యటి రసం. అక్కడి మ్కోడో తెగవాళ్లు ఒక స్త్రీని మాను ఎక్కించి ఆ రసం తాగించారట. తీగలు పాముల్లా చుట్టేశాయట, ఆకులు లేచి మూసుకున్నాయట. పది రోజులకు మిగిలింది పుర్రె.

ఆ అడుగుల లెక్క చూశారూ, జనం పడిపోయింది అక్కడే. కొలిచి చెప్పిన అబద్ధాన్ని కాదనడం కష్టం. యాత్రికుడు లేడు, తెగ లేదు, చెట్టు లేదు. అంతా ఎడ్మండ్ స్పెన్సర్ అనే పత్రికా రచయిత కల్పన. అయినా 1924లో మిషిగన్ మాజీ గవర్నర్ చేజ్ ఆస్బర్న్ మడగాస్కర్ మీద పుస్తకం రాస్తూ ఈ చెట్టును పేరులోకే ఎక్కించాడు. పుస్తకాలు అమ్ముకోవద్దూ మరి!

ఉత్తరం అచ్చయిన మరుసటి ఏడే, 1875లో, డార్విన్ కీటకాహార మొక్కల మీద పుస్తకం తెచ్చాడు. డ్రోసెరా అనే మొక్క ఆకుల మీద మాంసం ముక్కలూ గుడ్డు తెల్లసొనా పెట్టి, ఏది అరిగిందో ఏది అరగలేదో ఏళ్ల తరబడి రాసుకున్నాడు. ఆ డ్రోసెరా మన తడి ఇసుక నేలల్లోనూ ఉంది, రూపాయి బిళ్లంత. తొక్కుకుంటూ పోతాం.

స్పెన్సర్‌కు తెలియనిది ఒకటుంది. ఈ మొక్కలు పురుగుల్ని పట్టేది ఆకలికి కాదు. అన్నం ఎండే వండిపెడుతుంది. సత్తువ లేని నేలలో దొరకని నత్రజని కోసమే ఆ వేట. అంటే పురుగు భోజనం కాదు, యూరియా. గుప్పెడు ఎరువు కోసం మనిషిని పట్టే చెట్టు సేద్యం తెలిసిన చెట్టు కాదు.

నిజంగా పెరిగిన మొక్క ఏం చేసిందో బోర్నియో కొండల్లో చూడాలి. అక్కడి నెపెంథిస్ లోయీ అనే మొక్కకి పెద్ద పెద్ద కూజాలుంటాయి. ఉడతను పోలిన ట్రీష్రూ వచ్చి కూజా అంచున కూర్చుంటుంది, మూత అడుగున ఊరే తీపిని నాకుతుంది, నాకుతూనే కూజాలోకి రెట్ట వేస్తుంది. ముదిరిన మొక్క ఆకుల్లోని నత్రజనిలో సగానికి పైగా ఆ రెట్టదేనని 2009లో తేల్చారు. మొక్క ఆ ట్రీష్రూని మింగదు, పట్టుకోదు. పని అయ్యాక అది దిగి, పక్క కూజాకి పోతుంది.