మన సరాయిలకి బొమ్మలేవి?

జార్జ్ మోర్లాండ్ (1763–1804) అనే ఇంగ్లీషు చిత్రకారుడు పల్లె దారుల్లో పూటకూళ్ళిళ్ళని తెగ గీశాడు. 1792లో వేసిన ఒక బొమ్మలో బీరు కొట్టు గుమ్మం ముందు మామూలు మనుషులు, అంతే. తాగిన బాకీల్ని బొమ్మలిచ్చి తీర్చేవాడని చెబుతారు.

మన పాతబస్తీ దారిలోనూ సరాయి ఉంది. 1578 నాటి పురానాపుల్ దగ్గర్లోనే కుతుబ్‌షాహీల కాలపు మియాఁ మిష్క్ మసీదు, ఆవరణలో బాటసారులకి గదులు. అక్కడ దిగినవాళ్ళ మొహాలు మాత్రం నేను ఏ బొమ్మలోనూ చూళ్ళేదు. ఎందుకంటారా? దక్కనీ చిత్రకారుణ్ణి పోషించింది దర్బారు, కాబట్టి ఎక్కువగా మిగిలింది సుల్తాన్లే. మోర్లాండ్ బొమ్మల అచ్చుప్రతుల్ని మధ్యతరగతి వాళ్ళూ కొనుక్కున్నారు. లాగ్ ఫైల్లో అడ్మిన్ చేసినవే ఉండి, యూజర్ల ఊసే లేనట్టుంది మన పరిస్థితి.

బొమ్మల్లేవు కాబట్టి ఆ గదుల రాళ్ళే మనకున్న రికార్డు. వాటినీ పోగొట్టుకుంటే, బ్యాకప్ లేదండీ.