మెదక్ చర్చిలో కృతజ్ఞతల వేళ

నర్సాపూర్ అడవి దాటి, వరి పొలాల మధ్యగా సాగిన బస్సు మెదక్ దగ్గరపడుతుండగానే చర్చి గోపురం కనబడుతుంది. ఎత్తు 175 అడుగులు. క్రిస్మస్‌కు ఇక్కడ ఇసుక వేస్తే రాలనంత జనం. నేను కావాలనే ఏ పండగా లేని ఆదివారం ఎంచుకున్నాను. పండగనాడు ఎవరి ముఖమైనా వెలుగుతుంది. ఏ విశేషమూ లేని ఆదివారం, ఇంట్లో మంచాన పడ్డ మనిషి ఉన్నా, బ్యాంకు నోటీసు గూట్లో ఉన్నా, తల దువ్వుకుని ఉతికిన చీర కట్టుకుని గుడికొచ్చే వాళ్లను చూడాలనిపించింది. నేను పుట్టి పెరిగింది ఈ విశ్వాసంలోనే. అయినా కష్టంలో ఉన్న మనిషి సంతోషంగా పాడుతుంటే ఆ సంతోషం ఎక్కణ్ణుంచి వస్తుందో దగ్గర కూర్చుని తెలుసుకోవాలని ఎప్పటినుంచో ఉంది.

ఆరాధనకు ఇంకా టైముంది. చెప్పులు బయట విడిచి, గోడ పక్కగా ఒక చుట్టు తిరిగాను. రాతి మీద చెయ్యి ఆనిస్తే ఉలి దెబ్బలు వేళ్లకు తెలుస్తాయి. ఈ గుడి కట్టించింది చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే ఇంగ్లిషు మెథడిస్టు మిషనరీ. 1914లో పని మొదలైంది. అటు యూరప్‌లో యుద్ధం, ఇటు నిజాం రాజ్యంలో కరువు. తిండి లేక అల్లాడుతున్న ఊళ్ల జనానికి పని చూపించి కడుపు నింపాలని ఆయన ఇంత పెద్ద కట్టడం తలకెత్తుకున్నారు. రాయి కొట్టినవాళ్లు, మట్టి మోసినవాళ్లు ఆ పూటకు అన్నం తిన్నారు. పదేళ్లు పట్టింది. 1924 డిసెంబరు 25న గుడిని ప్రతిష్ఠించారు. పొడవు రెండొందల అడుగులు, వెడల్పు వంద, లోపల అయిదు వేల మంది పడతారు. పాస్నెట్ దొర పేరు పుస్తకాల్లో ఉంది. కరువు రోజుల్లో ఈ రాయి చెక్కిన చేతులెవరివో ఏ పలక మీదా నాకు కనిపించలేదు. నూరేళ్ల తర్వాత నా వేలికి తగులుతున్నది మాత్రం వాళ్ల పనే.

కరువు, మిషన్ అనగానే ఒక మాట వస్తుంది. తిండి కోసం మతం మారారని. ఆ మాట అనేవాళ్లకు ఒంగోలు సంగతి చెప్పాలనిపిస్తుంది. 1876–78 కరువులో అక్కడ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో కొంత మేర తవ్వే కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. బాప్తిస్మం ఇమ్మని జనం అడుగుతున్నా, కరువు సాయం నడిచినన్నాళ్లూ ఇవ్వలేదు. అన్నం కోసం వచ్చారన్న మాట పడకూడదని ఆయన పట్టుదల. సాయం ఆగిపోయాక వాళ్లే తిరిగొచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అప్పటికి పంచడానికి గింజ లేదు. ఒంగోలులోనూ మెదక్‌లోనూ ఎక్కువమంది మాల మాదిగ వాడల వాళ్లు. ఊరి బావిలో నీళ్లు తోడుకోనివ్వని రోజుల్లో పక్కన కూర్చోబెట్టుకుని పేరు పెట్టి పిలిచినవాళ్లను నమ్మారంటే అది ఆకలి లెక్క ఒక్కటే అనుకోవడం వాళ్లను చిన్నచూపు చూడటమే. అన్నం పెట్టిన చేతిని నమ్మడం తప్పని కూడా నేననుకోను.

లోపలికి వెళితే నేలంతా ఇంగ్లండు నుంచి తెప్పించిన రంగు పలకలు. కానీ ఎవరైనా ముందు చూసేది మూడు రంగుటద్దాల కిటికీలనే. ఆరో జార్జి పట్టాభిషేకాన్ని చిత్రించిన ఫ్రాంక్ సాలిస్‌బరీ వీటిని గీశారు. బలిపీఠం వెనక ఉత్తరాన ప్రభువు ఆరోహణం, పడమట జననం, తూర్పున సిలువ. ఇవి ఒక్కసారి పెట్టినవి కావు. ఆరోహణ కిటికీ 1927లో, జననం 1947లో, సిలువ 1958లో. అంటే సిలువ కిటికీ వచ్చేదాకా ముప్ఫై ఒక్క ఏళ్లు ఇక్కడి జనం మహిమతో పైకెళ్లే ప్రభువును ఎదురుగా చూస్తూ పాడుకున్నారు. సిలువ చివర వచ్చింది. ఆ వరస ఎవరూ ఆలోచించి పెట్టింది కాకపోవచ్చు. నాకు మాత్రం ఆదివారం పొద్దున అక్కడ కూర్చుంటే ఒకటి తట్టింది. ఉదయం ఆరాధన వేళకు ఎండ తూర్పు కిటికీనే తాకుతుంది. మూడింటిలో అప్పుడు బాగా వెలిగేది సిలువే. ఆ ఎరుపూ నీలమూ వచ్చి పలకల మీద, ముందు వరసలో కూర్చున్న ముసలివాళ్ల తెల్లచీరల మీద పడతాయి.

ఆడవాళ్ల వైపు నేల మీద కూర్చున్నాను. పక్కన అరవై దాటిన ఒకామె. నన్ను చూడగానే “వందనాలు బిడ్డా” అని జరిగి చోటిచ్చింది. చేతిలో ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం ఉంది గాని తెరవలేదు. ఆ పుస్తకంలో పాటపాటకూ నెత్తిన రాగం, తాళం వేసి ఉంటాయి. పురుషోత్తమ చౌదరి లాంటి పందొమ్మిదో శతాబ్దపు కవులు మన కర్ణాటక బాణీల్లోనే క్రీస్తును పాడారు. పాస్టరు అయ్యగారు పాట నంబరు చెప్పగానే నేను పేజీలు తిప్పుతున్నాను, ఆమె అప్పటికే రెండో చరణంలో ఉంది. గొంతు బొంగురు, శ్రుతి అటూ ఇటూ పోతోంది. ముఖంలో మాత్రం పెళ్లింట్లో పాట పాడే ఆడపడుచు కళ.

సగం ఆరాధన అయ్యాక కృతజ్ఞతార్పణలు. మన సంఘాల్లో పెరిగిన వాళ్లందరికీ తెలిసిన ఘట్టం. కవరులో డబ్బు పెట్టి, మీద పేరూ కారణమూ రాసిస్తారు, అయ్యగారు ఒక్కొక్కటీ చదువుతారు. చిన్నప్పుడు ఈ చదవడం ఎప్పుడైపోతుందా అని విసుక్కునేదాన్ని. ఇప్పుడు చెవులు రిక్కించి విన్నాను. గర్భసంచి ఆపరేషన్ క్షేమంగా జరిగినందుకు. దుబాయి నుంచి కొడుకు తిరిగొచ్చినందుకు. మూడో బోరులో నీళ్లు పడినందుకు. రోడ్డు మీద బండి పడిపోయినా ప్రాణం దక్కినందుకు. పదో తరగతి రెండోసారి రాసి పాసైనందుకు. సంతోషాల జాబితా అని చదువుతున్నారు గాని, ప్రతి కవరు వెనకా ఒక ఆస్పత్రి వరండా, ఒక ఎండిన బోరు, ఫోన్ కోసం మేలుకున్న ఒక రాత్రి ఉన్నాయి. మూడో బోరుకు కృతజ్ఞత చెప్పిన రైతు రెండు బోర్ల అప్పును మరిచిపోలేదు, దాన్ని కూడా కలిపే ఆ కాగితం మీద రాశాడు. జిల్లా చరిత్ర ఎవరైనా రాయాలంటే ఈ కవర్లు దాచుకున్నా చాలు.

చివర్లో ఒక కవరు. “భర్తగారు ప్రభువునందు నిద్రించి సంవత్సరమైన సందర్భంగా.” నా పక్కనున్నామె లేచి నిలబడి, అయ్యగారి ప్రార్థన అయ్యేదాకా చేతులు జోడించి, మళ్లీ కూర్చుంది.

ఆ రోజు ప్రసంగం హబక్కూకు మూడో అధ్యాయం మీద. పాత నిబంధనలో చిన్న పుస్తకం. ఆ ప్రవక్త తన ఇంట్లో ఏమేం లేవో ఒక్కొక్కటే లెక్కపెడతాడు. చెట్టుకు కాపు లేదు, పొలంలో పంట లేదు, దొడ్డిలో గొర్రె లేదు, కొట్టంలో పశువు లేదు. అంతా చెప్పుకుని, అయినా ప్రభువునందు ఆనందిస్తానంటాడు. అయ్యగారు దాన్ని మన మాటల్లోకి తెచ్చారు. వరి కంకి తాలుపోయింది, మక్కను పందులు తొక్కేశాయి, బర్రె చూడి నిలవలేదు, అని ఆయన చెబుతుంటే మగవాళ్ల వైపు నుంచి ఒకరిద్దరు “అవునయ్యగారూ” అన్నారు. కరువులో కట్టిన గుడిలో ఆ అధ్యాయం వింటుంటే, రాయి చెక్కినవాళ్లకు కూడా ఎవరో ఇదే చదివి వినిపించి ఉంటారా అనిపించింది.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. విశ్వాసముంటే కష్టమే రాదని, కానుక ఇస్తే రెండింతలు తిరిగొస్తుందని, రోగం తగ్గకపోతే నీ నమ్మకమే చాలలేదని చెప్పే బోధ ఈ మధ్య ఊరూరా మైకుల్లో వినిపిస్తోంది. బిడ్డ జ్వరంతో ఉంటే మందు ఆపమని చెప్పినవాళ్లూ ఉన్నారు. ఇది క్రూరత్వం. బైబిలులో అలాంటి మాట లేదు. పౌలు ఫిలిప్పీయులకు సంతోషించమని పదేపదే రాసింది చెరసాల నుంచి. 88వ కీర్తన మొదటి నుంచి చివరి దాకా మొరపెట్టుకుని, చీకట్లోనే ముగుస్తుంది. అది కూడా ప్రార్థనే అని మన పెద్దలు ఆ గ్రంథంలో ఉంచారు. మెదక్‌లో మిషన్ వాళ్లు గుడితోపాటు ఆస్పత్రి నడిపారు, బళ్లు నడిపారు. ప్రార్థన చేసిన చేత్తోనే కట్టు కట్టారు. దేవుణ్ణి నమ్మడానికి డాక్టర్ని వదిలేయాలని వాళ్లెప్పుడూ అనుకోలేదు.

ఆరాధన అయ్యాక బయట వేపచెట్టు నీడలో ఆమె పక్కనే కూర్చున్నాను. బీడీలు చుడుతుందట. చూపుడువేలి గోరు నల్లబడి, కొస అరిగిపోయి ఉంది. నేనడగకుండానే చేతులతో చేసి చూపించింది. నానిన తునికాకును కత్తెరతో కొలతకు కత్తిరించడం, చిటికెడు జర్దా పోసి చుట్టడం, కొస మడిచి దారం వేయడం. కూలి వెయ్యి బీడీల లెక్కన ఇస్తారు. మాట్లాడుతున్నంతసేపూ వేళ్లు వాటంతట అవే ఏదో చుడుతూనే ఉన్నాయి.

“మా ఆయినకు కిడ్నీలు రెండూ వొయ్యినయి బిడ్డా. రెండేండ్లు డయాలసిస్‌కు తిప్పిన. పోయినేడు పోయిండు.”

“దేవుడి మీద కోపం రాలేదా అమ్మా?”

“ఎందుకు రాదు? మస్తు కొట్లాడిన. పొలమడిగిననా, బంగ్లా అడిగిననా, ఈ ఒక్క మనిషిని ఉంచుమన్న గదా అని ఏడ్సిన. కొన్ని దినాలు పాటలు కూడ బందువెట్టిన. గుడికొచ్చి ఉట్టిగనే కూసునేది. పక్కోళ్లు పాడుతుంటె ఇనుకుంట కూసునేది. అట్ల ఇనంగ ఇనంగ ఒకనాడు నా నోట్లకెళ్లి కూడ వచ్చింది.”

మరి ఇవాళ కానుక దేనికిచ్చావని అడిగాను. భర్త పోయిన రోజుకు కృతజ్ఞత ఏమిటన్నది నాకు నిజంగానే అర్థం కాలేదు. ఆమె కాసేపు ఆలోచించి చెప్పింది. ఆ రెండేళ్లలో ఆస్పత్రికి ఒక్కతే పోయిన రోజు లేదట. సంఘంలోని మహిళల బృందం, స్త్రీల మైత్రిలో ఆడవాళ్లు వంతులేసుకున్నారు. ఒకరు అన్నం డబ్బా తెచ్చేవారు, ఒకరు బస్సెక్కించి పక్కన కూర్చునేవారు, వాళ్లలో ఇద్దరు ముగ్గురు రోజు కూలీ మానుకుని వచ్చినవాళ్లే. “ఆయినను తీస్కపోయిండు. అది నాకు ఇప్పటికీ నచ్చలే. గని నన్ను ఇడ్సిపెట్టలే. గందుకే ఇచ్చిన,” అంది. చెప్పి నవ్వింది. కళ్లలో నీళ్లు కూడా ఉన్నాయి, తుడుచుకోలేదు.

దేవుడి మీద ఫిర్యాదూ దేవుడికి కృతజ్ఞతా ఒకే నోట అంత మామూలుగా రావడం నేను పెద్ద పెద్ద వేదాంత కళాశాలల్లో చదువుకున్నవాళ్ల దగ్గర కూడా వినలేదు. ఆమె సంతోషం కష్టం తీరాక వచ్చింది కాదు, కష్టం ఇంకా అక్కడే ఉంది. ఒంటరిగా వచ్చిందీ కాదు. పాట వేరేవాళ్ల నోట విని తెచ్చుకుంది, నమ్మకం వేరేవాళ్లు తెచ్చిన అన్నం డబ్బాలో దొరికింది. దేవుడు కనిపించకపోయినా ఆయన పేరు చెప్పుకుని వచ్చిన మనుషులు కనిపించారు. నూరేళ్ల కిందట పనిచ్చి అన్నం పెట్టినప్పుడు ఈ గుడి పునాదుల దగ్గర జరిగింది కూడా ఇదేనని నా నమ్మకం.

అంతలో మైత్రి ఆడవాళ్లు చెట్టు కింద చేరారు. సెక్రటరీ చిన్న పుస్తకం తీసి ఆ వారం ఎవరెవరు ఆస్పత్రిలో ఉన్నారో చదివింది. ఒక పడుచుపిల్ల తల్లికి పక్షవాతం, పెద్దాస్పత్రిలో పడి ఉంది, పిల్ల ఒక్కతే చూసుకుంటోంది. మంగళవారం ఎవరు పోతారని అడిగింది.

“నేను పోత. నా పేరు రాయి,” అంది నా పక్కనున్నామె.

“మొన్ననే ఒకరి కాడికి పోయొచ్చినవు గదత్తా. మోకాళ్లు నొస్తయన్నవు.”

“నొస్తయి. బస్సుల కూసుండెటందుకేం? ఆ పిల్ల జావ కాయనేరదు. నేను కాసుకోని పోత. ఏడింటి బస్సు ఉన్నదా, తీసేసిండ్రా?”

ఉందని ఎవరో చెప్పారు. సెక్రటరీ ఆమె పేరు రాసుకుని, బుధవారానికి ఎవరని అడిగింది.