సారుంగ్ తప్పు కాదు

మన భాష తెలుగు చెడిపోయి పుట్టిందని, దానికి లిపి లేదు కాబట్టి అది యాసే గాని భాష కాదని మనలో చాలామంది చిన్నప్పటి నుంచి విన్నాం. బళ్లో విన్నాం, సంతలో విన్నాం, బస్సులో విన్నాం. దీనికి కోపంతో కంటే లెక్కతో జవాబు చెప్పడం మేలు. ఆ లెక్క వేళ్ల మీదే ఉంది.

తెలుగులో నాలుగు, ఐదు, ఆరు, ఏడు. గోండీలో నాలుంగ్, సైయుంగ్, సారుంగ్, ఏడుంగ్. పక్కపక్కన పెట్టి చూడండి. నాలుగూ ఏడూ దాదాపు ఒకటే. ఐదుకీ ఆరుకీ మాత్రం గోండీలో ముందు ఒక 'స' ఉంది. మనవాళ్లు తెలుగు మాటల్ని సరిగా పలకలేక 'స' చేర్చారనుకుంటే, ఏడుకు ఎందుకు చేర్చలేదు? ఏడు కూడా అచ్చుతోనే మొదలవుతుంది కదా.

ఇప్పుడు ఉప్పు చూద్దాం. తెలుగు, తమిళం, కన్నడం మూడింటిలోనూ ఉప్పు. కొలామిలో సుప్. బస్తరు వైపు పర్జీలో చుప్. కొండ భాషలో సోరు, కుయిలో సారు, కువిలో హారు. గోండీలో ప్రాంతాన్ని బట్టి సోవర్, హోవర్, ఓవర్. 'లేదు' అనే మాట కూడా గోండీలో ఇలాగే ఒకచోట సిల్లె, ఒకచోట హిల్లె, దక్షిణాన కోయ వైపు ఇల్లె.

భాషావేత్తలు ఈ మాటల్ని వరుసలో పేర్చి వాటి మూలాన్ని వెతుకుతారు. 'చ' మెత్తబడి 'స' అవుతుంది, 'స' 'హ' అవుతుంది, చివరికి 'హ' కూడా జారిపోతుంది. ఈ దారి లోకంలో చాలా భాషల్లో కనిపించేదే. అసలేమీ లేనిచోట, అదీ కొన్ని మాటలకే, ఇన్ని భాషలు విడివిడిగా 'స' చేర్చుకున్నాయంటే నమ్మలేం. కాబట్టి మూల ద్రావిడంలో ఉప్పు మాటకు ముందు 'చ' లాంటి ధ్వని ఉండేదని తేలుతుంది. అలా తిరిగి కట్టిన రూపం ముందు నక్షత్రం గుర్తు పెడతారు. అది ఎక్కడా రాసి లేదని, ఎవరి నోటా నేరుగా వినలేదని, సాక్ష్యాలను బట్టి కట్టినదని దాని అర్థం.

ఆ సాక్ష్యాలు ఇచ్చిందెవరు? తెలుగు శాసనాలు ఎంత పాతవైనా ఉప్పులోని ఆ ధ్వనిని చూపలేవు. కొలామి ఇంట్లో ముసలమ్మ "సుప్" అంటే చూపుతుంది.

1856లో కాల్డ్‌వెల్ ద్రావిడ భాషల వ్యాకరణం రాసినప్పుడు వాటిని సంస్కారం పొందినవి, పొందనివి అని రెండుగా విడదీశాడు. గోండీ, కుయి రెండో వరుసలో పడ్డాయి. తర్వాత వచ్చినవాళ్లకు ఆ రెండో వరుస లేకుండా పని జరగలేదు. ఎమెనో కొలామి మీద పుస్తకం రాశాడు. భద్రిరాజు కృష్ణమూర్తి కొండ భాషకు వ్యాకరణం రాశారు, అది 1969లో వచ్చింది. 1961లో బరో, ఎమెనో తెచ్చిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువులో తమిళం పక్కనే మన మాటలూ వరుసగా నిలబడ్డాయి.

మన దగ్గరే కాదు, దూరదేశంలో కూడా ఇదే జరిగింది. చైనాలో సిచువాన్ పడమటి కొండల్లో గ్యల్‌రోంగ్ భాషలున్నాయి. అవి మాట్లాడేవాళ్లను అక్కడి ప్రభుత్వం టిబెటన్లలోనే లెక్కిస్తుంది. టిబెటన్ పాత రాతలో ఎనిమిదిని 'బ్ర్‌గ్యద్' అని రాస్తారు. లాసాలో ఇప్పుడు పలికేటప్పుడు ముందున్న 'బ', 'ర' వినిపించవు, చివరి 'ద'కారమూ లేదు. గ్యల్‌రోంగ్ భాషల్లో ఒకటైన జఫుగ్‌లో మాత్రం అది దాదాపు 'కుర్చత్'. నడుమ 'ర', చివర 'త' ఇంకా నోటనే ఉన్నాయి. టిబెటన్, బర్మీస్, చైనీస్ భాషల పాత చుట్టరికం తేల్చాలంటే పండితులు ఈ కొండ భాషల దగ్గరికి రావలసి వచ్చింది. 2021లో గియోమ్ జాక్ జఫుగ్‌కు పెద్ద వ్యాకరణమే ప్రచురించాడు.

దీన్ని బట్టి మన భాష తెలుగు కంటే గొప్పదని చెప్పడం లేదు. ప్రతి భాషా కొన్ని దాచుకుంటుంది, కొన్ని పోగొట్టుకుంటుంది. 'చచ్చు' మాటలో తెలుగు ఆ పాత 'చ'ను ఉంచుకుంది. గోండీ, తెలుగు తల్లీబిడ్డలు కావు, ఒకే ఇంట పుట్టిన అక్కచెల్లెళ్లు. చెల్లెలి మాట అక్క మాటకు చెడిన రూపం ఎలా అవుతుంది?

భయం వేరే చోట ఉంది. మా పిల్లలు నాలుంగ్ దాకా గోండీలో లెక్కపెట్టి, అక్కడి నుంచి ఐదు, ఆరు అని తెలుగులోకి దిగిపోతున్నారు. సరిగ్గా సైయుంగ్, సారుంగ్ దగ్గరే వదిలేస్తున్నారు. 2011 జనాభా లెక్కల్లో గోండీ మాట్లాడేవాళ్లు దాదాపు 30 లక్షలు, కొలామి మాట్లాడేవాళ్లు 1.28 లక్షలు. కొలామి నోట సుప్ పోయి ఉప్పు వస్తే ఒక సాక్షి తగ్గినట్టే.

ఉపాధ్యాయులకు ఒక మాట. పిల్లవాడు సారుంగ్ అంటే ఎర్రసిరాతో కొట్టెయ్యకండి. పలక మీద ఆరు పక్కనే రాయించండి. తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, ఒక నోటుపుస్తకం తీసుకోండి. అంకెలు, ఒంటి భాగాలు, చుట్టరికాలు, నిప్పు, నీళ్లు, ఉప్పు, ఇలా ఇంట్లో పుట్టిన మాటలే అడగండి. పుస్తకం, బస్సు లాంటి అరువు మాటలు ఈ పనికి రావు. ఏ ఊళ్లో ఎలా అంటే అలాగే రాయండి, సరిదిద్దకండి. మీకు తేడాగా వినిపించిన చోటే పాత సంగతి దొరకవచ్చు. అడగాల్సిన అవ్వలు, తాతలు ఇంకా మన ఊళ్లలో ఉన్నారు.