అరువు భాష

సలహా చెప్పడానికి పరదేశం వెళ్ళినవాడు ముందుగా ఏం నేర్చుకోవాలి? ఈ ప్రశ్నకు జవాబు మాకు అల్ ఖౌద్‌లోనే, మా వీధి చివరింటి బలూచీ పెద్దాయన దగ్గర దొరికింది. మేమంతా ఆయన్ని చాచా అంటాం. ఆయన పూర్వీకులది గ్వాదర్. 1958 దాకా ఆ రేవు ఒమాన్ సుల్తానుదే. చాచా వయసులో ఉండగా సైన్యంలో చేరి, దక్షిణాన ధోఫార్ కొండల్లో పోరాడారు. మాతో హిందీలో మాట్లాడతారు కనుక ఆ కబుర్లు మాకు దక్కాయి.

ఆ యుద్ధం 1960లలో సుల్తాను మీద తిరుగుబాటుగా మొదలై 1975 డిసెంబరులో ముగిసింది. 1970 జులైలో సుల్తాన్ ఖాబూస్ గద్దెనెక్కాక, బ్రిటిష్ ఎస్.ఏ.ఎస్. దళంవారు కొందరు శిక్షకులుగా వచ్చారు. వారిలో పలువురు అంతో ఇంతో అరబ్బీ నేర్చుకున్నవారే. తీరా కొండెక్కితే అక్కడివారి ఇంటి భాష అరబ్బీ కాదు, జిబ్బాలీ. "దొరకూ, నాకూ, కొండవాడికీ అరబ్బీ అరువు భాషే. అయినా ఆ అరువుతోనే మాట కలిసింది" అంటారు చాచా.

తిరుగుబాటు విడిచి ప్రభుత్వం వైపు వచ్చిన కొండవారితో ఫిర్ఖా దళాలు కట్టారు. వారు హుకుంకు కదిలేవారు కారు, కూర్చుని నచ్చజెప్పాలి. 1971 అక్టోబరులో పెద్ద దాడి నడుస్తుండగా రంజాన్ నెల వచ్చింది. యుద్ధంలో ఉన్నవారికి మినహాయింపు ఉందని చెప్పినా ఫిర్ఖాలవారు పోరు ఆపేశారు. సలహాదారులకు కోపం వచ్చింది. కాని ఆ కొండల్లో వారు లేనిదే అడుగు పడదు!

చాచా ఇద్దరు అధికారుల్ని పోల్చి చెబుతారు. ఒకాయన అరబ్బీ చక్కగా మాట్లాడేవాడు, నిలబడే పని చెప్పేవాడు. రెండో ఆయనవి తప్పుల మాటలు. కాని నేల మీద కూర్చుని, ఖర్జూరం తిని, కాఫీ తాగి, చాలనడానికి గిన్నె అటూ ఇటూ ఊపి, ఆవుల క్షేమం అడిగి, ఆ తరువాతే పని మాట ఎత్తేవాడు. కొండవారు రెండో ఆయన వెంట నడిచారట.

"అదంతా యుద్ధం గెలవడానికి నేర్చిన మర్యాదే గదా?" అన్నారు మాలో ఒకరు. "కావచ్చు. అది కూడా లేనివాణ్ణి ఏమంటారు?" అన్నారు చాచా.

మనం తుపాకులతో రాలేదు. సుద్దముక్కలతో, స్టెతస్కోపులతో వచ్చాం. అయినా ఒక విధంగా మనమూ సలహాదారులమే. మా ఊళ్ళో 1986లో తెరిచిన సుల్తాన్ ఖాబూస్ విశ్వవిద్యాలయంలో వైద్యం ఇంగ్లీషులో నేర్పుతారు. కాని ముసలమ్మ తన నొప్పి అరబ్బీలోనే చెప్పుకుంటుంది. దుబాసీ నోట పడిన నొప్పి సగమే డాక్టరును చేరుతుంది.

1817లో మద్రాసు చేరిన కుంఫిణీ ఉద్యోగి బ్రౌన్ దొర తెలుగు నేర్చి, 1852లో నిఘంటువు వెలువరించాడు. మన భాషను గౌరవించాడనే నేటికీ ఆయన్ని తలుచుకుంటాం. మరి మనం ఉప్పు తింటున్న ఈ దేశంలో మనల్ని తలుచుకునేవారెవరు?

అందుకే మేము నాలుగు కుటుంబాలవాళ్ళం శుక్రవారం సాయంత్రాలు అరబ్బీ అక్షరాలు దిద్దుతున్నాం. "అయిన్" అక్షరం మా గొంతుల్లో ఇంకా పలకనంటోంది, పిల్లలు మాత్రం ముందున్నారు. కలిసే ఉద్దేశం ఉన్నవారు పలక తెచ్చుకుంటే చాలు. టిఫిను మాది.