బండికి జ్వరమొస్తే...!

విశాఖ నుంచి ఆనందపురం జంక్షన్ చేరగానే ముందు పలకరించేది పూల వాసన. ఇక్కడి పూలబజారు అంత పేరున్నది మరి! కుడికి తిరిగితే భీమిలి. 1978లో ‘మరోచరిత్ర’తో కుర్రకారు గుండెల్లో నిలిచిపోయిన తీరం. ఎడమకు తిరిగితే పెందుర్తి, కొత్తవలస, శృంగవరపుకోట... ఆపైన అనంతగిరి ఘాట్, అరకు!

అరకు అనగానే అందరికీ డ్యూయెట్లే గుర్తొస్తాయి. సినిమాలో హీరోగారి కారు పొగలు కక్కదు కదా! అసలు ఘాట్ సంగతి వేరు. మండే ఎండ, కారు నిండా జనం, పైన సామాను, ఏసీ... ఇంజనుకి పని ఎక్కువ, మెల్లగా ఎక్కే బండికి ఎదురుగాలి తక్కువ. ముల్లు ‘హెచ్’ వైపు పాకుతుంది.

అప్పుడేం చెయ్యాలి? ఏసీ కట్టెయ్యండి. హీటరు పూర్తిగా పెట్టండి. ఇంజను వేడిని కొంత లాగేస్తుంది. మీకు చెమటలు పట్టినా సరే! అయినా తగ్గకపోతే మలుపులో కాదు, రోడ్డు వెడల్పున్న చోట ఆపి, చక్రాలకి రాయి పెట్టి, ఇంజను కట్టెయ్యండి. కనీసం అరగంట చల్లారనివ్వండి.

రేడియేటర్ మూత జోలికి మాత్రం వెళ్లకండి బాబూ! లోపలి నీళ్లు ఒత్తిడి వల్ల నూరు డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటాయి. మూత తీశారో, ఒక్కసారిగా ఆవిరై మొహం మీదికే! కాగిన ఇంజను మీద చన్నీళ్లు కుమ్మరించారా, లోహం పగిలినా పగలొచ్చు.

కూలెంటు, ఫ్యాను, గొట్టాలు ఆనందపురంలోనే చూసుకోండి. పూల కోసం ఎలాగూ ఆగుతారుగా!