లింబాయత్ నుంచి ఒక దరఖాస్తు

చెవెనింగ్ దరఖాస్తులు సాధారణంగా ఆగస్టులో మొదలవుతాయి. బ్రిటన్ ప్రభుత్వం 1983 నుంచి ఇస్తున్న స్కాలర్‌షిప్ ఇది. అక్కడ ఏడాది పాటు మాస్టర్స్ చదువుకోవచ్చు. ఫీజు, విమానం టికెట్, నెలనెలా ఖర్చు వాళ్లే భరిస్తారు. వట్టి మార్కులు చాలవు. రేపు తమ దేశంలో పదిమందిని నడిపించేవాళ్లు కావాలట. దరఖాస్తుకు ముందే 2,800 గంటలు, అంటే రెండేళ్లు, పనిచేసి ఉండాలి. చదువయ్యాక స్వదేశానికొచ్చి కనీసం రెండేళ్లుండాలి. సూరత్ బట్టల మార్కెట్లో లెక్కలు రాసుకునే నాకు ఇవన్నీ నోటికొచ్చాయంటే మా గల్లీ అమ్మాయి పుణ్యమే.

సూరత్‌లోని లింబాయత్‌లో కొన్ని గల్లీలు తిరిగితే నల్లగొండలోనో సిరిసిల్లలోనో ఉన్నట్టుంటుంది. చేమగ్గం కూడు పెట్టలేని రోజుల్లో మా పద్మశాలీలు భీవండికి, షోలాపూర్‌కు, ఇక్కడికి వలసొచ్చారు. సూరత్ మున్సిపాలిటీ తెలుగు మాధ్యమం బడులు కూడా నడుపుతుంది. ఈ అమ్మాయి అక్షరాలు దిద్దింది అలాంటి బడిలోనే. ఇప్పుడు కార్మికుల ఆరోగ్యం చూసే ఒక సంస్థలో ఉద్యోగం. పబ్లిక్ హెల్త్ చదవాలని కోరిక.

ముందు సొంత రాష్ట్రం వైపే చూసింది. తెలంగాణ ప్రభుత్వం మహాత్మా జ్యోతిబా ఫూలే విదేశీ విద్యానిధి కింద బీసీ పిల్లలకు 20 లక్షల దాకా ఇస్తుంది. కాకపోతే అక్కడి నివాసి అయి ఉండాలి. సూరత్‌లో పుట్టి పెరిగిన పిల్లకు ఆ కాగితం ఎవరిస్తారు? ఇక్కడ ఎన్నేళ్లున్నా బయటివాళ్లం, అక్కడ ఎప్పుడో వెళ్లిపోయినవాళ్లం.

చెవెనింగ్‌కు ఆ గొడవ లేదు. నాలుగు వ్యాసాలు రాయాలి. మొదటిది నాయకత్వం గురించి. అమ్మాయి రాసి తెచ్చింది చూస్తే ఎస్.ఆర్. రావు గారి కథ! 1994లో ప్లేగు భయంతో సూరత్ ఖాళీ అయింది. మరుసటేడు మున్సిపల్ కమిషనర్‌గా వచ్చిన రావు గారు మన తెలుగువారే. ‘ఏసీ టు డీసీ’ (డీసీ అంటే డైలీ చోర్స్, రోజువారీ పనులు) అంటూ అధికారులను చల్లటి గదుల్లోంచి లేపి, పొద్దున్నే చెత్తకుప్పల దగ్గరికి పంపారు. రెండేళ్లు తిరక్కుండానే దేశంలో రెండో పరిశుభ్ర నగరమని సూరత్‌కు పేరొచ్చింది.

“మంచిగ రాసినవ్ బిడ్డా, కానీ ఇది రావు సారు దరఖాస్తు. నువ్వేం జేసినవో రాయి” అన్నాను.

“నేనేం జేసిన కాకా? ఫారాలు నింపిన, గంతే.”

ఆ ఫారాల సంగతి మా గల్లీ అంతటికీ తెలుసు. 2020 లాక్‌డౌన్‌లో ఊరికి పోతామన్నవాళ్ల ఆన్‌లైన్ ఫారాలన్నీ తన ఫోన్లోనే నింపింది. ఫారాలతోనే ఆగలేదు. పవర్‌లూమ్ కార్ఖానాలో షిఫ్టంటే పన్నెండు గంటలు. ఆ మోతలో మనుషులు సైగలతో మాట్లాడుకుంటారు. కొన్నేళ్లకు వినికిడి మందగిస్తుంది. చెవి పరీక్షకు పోతే ఆ రోజు కూలి పోతుందని ఎవరూ కదలరు. ఈ పిల్ల షిఫ్టు మారే వేళ గేటు దగ్గర నిలబడి మనవాళ్లతో తెలుగులో, ఒడియా వాళ్లతో హిందీలో, సేఠ్‌తో గుజరాతీలో మాట్లాడి, పరీక్షలు కార్ఖానాలోనే జరిగేలా ఒప్పించింది. అదంతా వ్యాసంలోకి ఎందుకెక్కలేదు? మన ఇళ్లలో ‘నేను చేశా’నంటే గొప్పలంటారు. అడిగేవాళ్లకేమో ఆ ‘నేను’ లేకపోతే కుదరదు. ఈ తిరకాసు తెలిసి వ్యాసాలు రాసిపెట్టే కన్సల్టెన్సీలు బయల్దేరాయి. వాళ్లు రాసిన వ్యాసాలు కొన్ని చూశాను, అన్నీ ఒకే మూస.

మళ్లీ రాసింది. ఇంగ్లీషు కాస్త గరుకుగానే ఉంది, నేను దిద్దలేదు. నాలుగో వ్యాసం భవిష్యత్తు గురించి. తిరిగొచ్చి సూరత్ కార్ఖానాల్లోనే పనిచేస్తానని రాసింది. వాళ్ల నాయినకు అది తెలుగులో చదివి వినిపిస్తే ఆయన రెండుసార్లు చెప్పించుకున్నాడు. ఆయనదీ లూమ్ చెవే.

“మళ్ల ఈడికే వచ్చేదుంటే గంత దూరం పోవుడెందుకే?”

“చెవులు ఎందరివి పోయినయో లెక్కగట్టుడు నేర్చుకోవాలె నాయినా. లెక్క లేకుంటే సేఠ్ వినడు!” అని గట్టిగా అరిచి చెప్పింది.